రాజవ్వ నీడ

పొద్దున ఏడు గంటలు. రాత్రంతా కురిసిన వాన కాస్త తెరిపిచ్చింది. ముంబై కామాటిపురాలో, వరస గదుల పాత చాల్‌లో నల్లా ఆగిపోయే వేళ. రాజవ్వ ఆఖరి బిందె నింపుకుని గదుల ముందరి గ్యాలరీలోకి వచ్చేసరికి కూతురు ప్రతీక్ష చెప్పులు వేసుకుంటోంది.

"డబ్బా పెట్టుకున్నవా?"

"వద్దమ్మా. పూనం మేడం తెస్తది. ఆమె ఉప్మల నూనె ఉండదు."

ప్రతీక్ష మెట్లు దిగింది. రాజవ్వ నీడ బిందె దగ్గర ఆమెను విడిచి, పిల్ల వెనకే దిగిపోయింది.

పక్క గది మల్లమ్మ పళ్ళు తోముకుంటూ చూసింది. "ఇయ్యాల గూడ పంపినవా వదినె?"

"నేను పంపలే. అదే పోయింది."

"గ్రాంట్ రోడ్‌ల మస్తు గర్దీ ఉంటది. తొక్కుతరు పాపం."

ప్రతీక్ష ఇంటర్న్‌షిప్‌లో చేరిన నాటి నుంచీ ఇదే వరస. ఆ కంపెనీ బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు గోలీల వేళ గుర్తుచేసే యాప్ తయారుచేస్తోంది. యాప్ ఎట్లా కనబడాలి, దానికి ఏ గుర్తు, ఏ రంగు ఉండాలి, అది గీయడం ప్రతీక్ష పని. నేర్పేది పూనం మేడం. గుర్తు నెగ్గితే ఉద్యోగం. ఉద్యోగమంటే పూనం మేడంతో పాటు పుణెకు పోవడం.

రాత్రి కంచం ముందు కూడా ఆ పేరే.

"బటన్ ముసలోళ్ళ బొటనవేలుకు అందాలె అన్నది మేడం. ఎర్ర రంగు చూస్తే రోగం ఉన్నోళ్ళు దడుసుకుంటరు అన్నది. గీసే ముందు అడగాలె, అడిగినంక వాళ్ళు ఏం జేస్తరో చూడాలె అన్నది. నోరు మర్యాదకు అబద్ధం చెప్తదట, ఒళ్ళు చెప్పదట."

ఆ పిల్ల వేళ్ళు పట్టి గ్యాలరీ బండ మీద మొదటి ముగ్గు వేయించింది ఎవరు? రాజవ్వ అడగలేదు. నీడ అప్పటికే ఇల్లు చేరి కాళ్ళ కింద పడుకుని ఉంది. అది చూసిందంతా ఆమెకు తెలుస్తుంది. మేడం చెయ్యి పిల్ల చేతి మీద. మేడం వేళ్ళు పిల్ల జుట్టు చెవి వెనక్కి సర్దడం.

భర్త బుచ్చన్న చారు కలుపుకుని, "ఉప్పు" అన్నాడు. అంతే అన్నాడు.

మర్నాడు సాయంత్రం ప్రతీక్ష ఫోన్ చూపించింది. ఒక తలుపు. తలుపుకు రెండు వేపమండలు.

"ఇల్లు, ఆరోగ్యం. మేడంకు మస్తు నచ్చింది. రేపు అందరికీ చూపెట్టాలె. ఎట్లుందమ్మా?"

రాజవ్వ ఫోన్ మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మవారు పోసిన ఇంటి తలుపుకు వేపమండలు కడతారు. చూసినవాళ్ళు చెప్పులు విడిచి, దూరం నుంచే దండం పెట్టి, వెనక్కి తిరుగుతారు. లోపలికి రారు. చాల్‌లో అట్లాంటి గడప కనబడి చాలా ఏళ్ళయింది. పిల్లకు తెలియదు.

చెప్తే గుర్తు మార్చి నెగ్గుతుంది, ఇక పుణె. చెప్పకపోతే పిల్ల ఇంట్లో ఉంటుంది.

"మేడంకు నచ్చినంక నన్నెందుకు అడుగుతవు? మంచిగున్నది" అంది.

ఆఫీసులో పెద్ద తెర మీద ఆ తలుపు వెలిగింది. ప్రతీక్ష చెప్పడం మొదలుపెట్టింది. ఎదురుగోడ మీద రాజవ్వ నీడ ఉంది. అది తెరను చూసింది. చెప్పులు విడిచింది. కొంగు తల మీదికి లాక్కుని, దండం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గది దాటిపోయింది. టీ తెచ్చినతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"ఆగిపోయావేం?" అంది పూనం మేడం, గోడనే చూస్తున్న ప్రతీక్షతో.

"మేడం, ఈ గుర్తు వద్దు. మా అమ్మ ఈ తలుపు తెరవదు."

"మీ అమ్మకు నచ్చిందన్నావు కదా?"

"నోటితో అన్నది మేడం."

వేపమండలు చెరిపి, అక్కడికక్కడే తలుపు తెరిచి గీసింది. గడప లోపల ఒక నీళ్ళచెంబు. వచ్చినవాళ్ళకు ఇచ్చేది, గోలీ మింగడానికి కూడా కావలసింది. అదే నెగ్గింది.

ఇంటికొచ్చి ప్రతీక్ష స్టవ్ పక్కన కూర్చుంది. "వేపమండల సంగతి నీకు ముందే ఎరుక గదా?"

"ఎరుకే."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు ఆమె పేరే తీస్తుంటివి."

ప్రతీక్ష దగ్గరికి జరిగింది. చాలాసేపు తల్లి మోకాలికి ఆనుకుని కూర్చుంది. ఆదివారం నాడు బట్టలు సర్దుకుని పుణెకు బయల్దేరింది. నీడ ఆమె వెనకే మెట్లు దిగింది. రాజవ్వ దాన్ని వెనక్కి పిలవలేదు.

ఆ సాయంత్రం మల్లమ్మ గ్యాలరీలో నిలబడి అడిగింది. "అందరు చేరిండ్రా వదినె?"

బుచ్చన్న మోరీ దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఫోన్ మోగింది.

"వచ్చేసిన అమ్మా. రూం మంచిగున్నది."

"మేడం ఏడ ఉన్నది?"

"ఇక్కడే. సోఫాల." ప్రతీక్ష నవ్వింది. "నీ నీడ మా ఇద్దరి నడుమ కూసున్నది. ఎంత జరగమన్నా జరుగుతలేదు."

రాజవ్వ ఫోన్ పెట్టేసింది. బల్బు కింద నేల ఖాళీగా ఉంది. వేళ్ళు ముడిచి లెక్క పెట్టుకుంది. బుచ్చన్న వచ్చిండు. ప్రతీక్ష చేరింది. నీడ చేరింది. "అందరు చేరిండ్రు" అంది మల్లమ్మతో.