నా పేరు చెప్పున్రి

జహీరాబాద్ ఆడోళ్ల వాట్సాప్ గ్రూపుల పొద్దుగాల ఆరు కొట్టంగనే అడుగుడు షురూ అయితది. అల్లం విత్తనం ఎవరి దగ్గర మంచిగున్నది, జాకెట్లు ఎవరు సక్కగ కుడతరు, మా అత్తకు పన్ను పీకించాలె, ఏ డాక్టరు దగ్గరికి పోవాలె. చెప్పెటోళ్లు ఊకె చెప్పరు, కింద "నా పేరు చెప్పున్రి" అని రాస్తరు. రాసినంక వాళ్ల నీడ లేషి, ఎవరి కోసం అడిగిన్రో వాళ్ల వాకిట్లకు పోయి నిలవడ్తది. దుకాణానికైనా దవాఖానకైనా తోడు పోయి, పని అయినంక ఇల్లు చేరతది. మొన్న నీలమ్మ పన్ను డాక్టరు పేరు చెప్పి, ఆ దినమంత నీడ లేకుండనే కూరగాయల మార్కెట్ల తిరిగింది. ఎవ్వరూ వింతగ సూడలే.

గ్లోరీ ఆ గ్రూపుల ఎన్నడూ ఏం అడగలే. ఆమె ట్రాక్టర్ల కంపెనీ క్యాంటీన్ల జొన్నరొట్టెలు చేస్తది. భర్త లేడు, బిడ్డ ఇంటర్ సదువుతున్నది. నాలుగు నెలల కింద స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ముల గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు గద అని ఊకున్నది. నిజం చెప్పాలంటే భయపడ్డది. రోగమని తెలిస్తే తన చేతి రొట్టె ఎవరు తింటరు? పని పోతే బిడ్డ సదువు ఏంగావాలె?

గడ్డ నిమ్మకాయంత అయినంక, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఫోన్ తీసింది.

"మా పక్కింటామెకు రొమ్ముల గడ్డ అయింది. మంచి లేడీ డాక్టర్ ఎవరన్న ఉన్నరా?"

పక్కింటి నాగరాణి కాడ బటన్ల ఫోనే, ఆమెకు తెల్వదులే అనుకున్నది. పొద్దుగూకేవరకు పదకొండు మంది జవాబిచ్చిన్రు. రాయికోడ్ ఎంకమ్మ పట్నంల ఒక డాక్టరమ్మ పేరు రాసి, "నాకు గిదే అయింది, ఆమెనే బతికిచ్చింది. నా పేరు చెప్పున్రి" అన్నది. గ్లోరీ ఆ పేరు కాగితం మీద రాసుకొని బైబిల్‌ల పెట్టింది. బిడ్డ పరీక్షలు కానియ్, అప్పుడు సూద్దాం అనుకున్నది. నీడల సంగతి ఆమెకు యాదికే రాలే.

తెల్లారి నాగరాణి వాకిలి ఊడ్వనీకి తలుపు తీస్తే పదకొండు మంది ఆడోళ్ల నీడలు నిలవడి ఉన్నయి. తనేం అడగలే. తనకు గడ్డ లేదు, గ్రూపు లేదు. ఈ గల్లీల గ్రూపుల ఉన్నది గ్లోరీ ఒక్కతే గద అని, చీపురు పక్కకు పెట్టి గ్లోరీ ఇంట్లకు పోయింది. నీడలన్నీ ఆమె ఎంబడి పోయినయి.

"అక్కా, వీళ్లు నా ఇంటి ముంగట నిలవడ్డరు. ఎవరి కోసం వచ్చిన్రు?"

పెనం మీద రొట్టె మాడుతున్నది. గ్లోరీ దాన్ని తియ్యలే.

"నా కోసమే. రొమ్ముల గడ్డ అయింది," అన్నది.

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు నెలలు."

నాగరాణి పొయ్యి బంద్ చేసింది. "నన్ను అడ్డం పెట్టుకుంటివి, దానికి నాకేం ఫికర్ లేదు. నాకు చెప్పకపోతివి, గదే బాధైతుంది. చీర మార్చుకో, పోదాం."

బస్సు నిండ నీడలే. కండక్టర్ వాటిని లెక్కవెట్టలే, ఎన్నడూ లెక్కవెట్టడు.

దవాఖాన మెట్లెక్కి తలుపు కాడ గ్లోరీ ఆగింది. "నా తోని కాదు చెల్లె, ఇంటికి పోత," అని ఎనకకు మల్లింది. నాగరాణి పట్టుకోలే. ఎనక మెట్ల మీద పదకొండు నీడలు పరుచుకొని ఉన్నయి. వాటిని తొక్కకుండ పోనీకి సందు లేదు. తన కోసం వచ్చినోళ్ల నీడ తొక్కుడు గ్లోరీకి మనసొప్పలే. ఏడ్సుకుంటనే లోపలికి పోయింది.

ఇంకో రెండు నెలలు ఆగితే మా చేతుల ఉండకపోవు అన్నది డాక్టరమ్మ. ఆపరేషన్ అయింది, ఎంట్రుకలు రాలినయి, మల్ల వచ్చినయి. గ్లోరీ క్యాంటీన్‌కు మల్ల పోయిన దినం ఆమె రొట్టె ఎవ్వరూ ఇడిషిపెట్టలే.

మొన్న వానలల్ల కోహీర్ నుంచి స్వప్న అని ఒకామె గ్రూపుల అడిగింది. "మా ఆడబిడ్డకు రొమ్ముల గడ్డ అయింది. ఎవరికి సూపియ్యాలె?"

గ్లోరీ దాన్ని రెండుసార్లు సదివింది. డాక్టరమ్మ పేరు రాసింది, కింద "నా పేరు చెప్పున్రి" అని రాసింది. ఆమె నీడ లేషి గడప దాటవోయింది.

"ఆగు," అన్నది గ్లోరీ. "ఆడబిడ్డ ఇంటికి గాదు. అడిగినామె ఇంటికే పో."