హావ్లిక్ గారి నిట్టూర్పు

వియన్నా నగరమంతా హావ్లిక్ గారి ఆశువాదనను మెచ్చుకునేది. నేను మాత్రం మెచ్చుకోలేకపోయాను. కారణం గొప్పదేమీ కాదు. ఆయన పియానోకూ మా వంటింటికీ మధ్య ఒక్క గోడే ఉంది.

పద్ధతి అందరికీ తెలిసిందే. కచేరీ చివర శ్రోతలు తమకు తోచిన చిన్న బాణీని కాగితం మీద రాసి టోపీలో వేస్తారు. అందులోంచి ఒకటి పైకి తీస్తారు. హావ్లిక్ దాన్ని ఒకసారి వాయించి వినిపిస్తాడు. కళ్లు మూసుకుంటాడు, నుదుటికి వేళ్లు ఆనించి నిట్టూరుస్తాడు, ఆపైన అదే బాణీని అప్పటికప్పుడు పెంచి పెద్దచేసి వాయిస్తాడు. నిట్టూర్పు దగ్గరే ఆడవాళ్లు చేతిరుమాళ్లు తీస్తారు.

బంగాళాదుంపలు చెక్కుతూ ఆ నిట్టూర్పును నేను వారాల తరబడి విన్నాను. గోడ దాటి వినబడేంత గట్టిది. చివరి వరసవాళ్లకూ అందాలి కదా. "మరీ సాగదీశాను ఒట్టిలీ," అనేవాడు భార్యతో. మళ్లీ నిట్టూర్చేవాడు. ఆ తర్వాత అప్పటికప్పుడు పుట్టాల్సిన సంగీతం మొదలయ్యేది, నిన్నటిలాగే. ఈసారిది ఒక కవాతు బాణీ, నాలుగు దెబ్బల నడక. టోపీలో చెయ్యి పెట్టేది ఎప్పుడూ ఒట్టిలీయే. కావలసిన కాగితం ఆమె చేతి తొడుగులో ముందే ఉండేది.

ఆ రోజుల్లోనే లింట్స్ ఊరి నుంచి మా అక్క కూతురు ఫిలిపీన్ వచ్చింది. హావ్లిక్ శిష్యురాలిగా ఒప్పుకుంటే సంగీతం నేర్చుకోవచ్చు, లేదంటే తమ కొవ్వొత్తుల కొట్లో కూర్చోవాలని వాళ్ల నాన్న షరతు పెట్టాడు. గోడ సంగతి చెప్పాను. నమ్మలేదు.

"నీకు ఆయనంటే గిట్టదు పిన్నీ. అందుకే అలా వినబడుతోంది."

"నాకు గిట్టకపోతే గోడకేమైందే? నువ్వూ ఓ కాగితం వేసి చూడు."

వేసింది. మూడు దెబ్బల నడకలో మెల్లగా కిందికి దిగే బాణీ. మెట్లు దిగుతున్న మనిషి ఏదో మరిచిపోయి మధ్యలో ఆగినట్టు ఆగుతుంది.

కచేరీ ఒక కౌంటెస్ గారి హాల్లో. టోపీ వచ్చేసరికి ఆవిడకు సరదా పుట్టింది. "ఈపూట నేను తీస్తాను. ఎప్పుడూ నువ్వేనా ఒట్టిలీ?" అంటూ ఒట్టిలీ కంటే ముందే చెయ్యి పెట్టేసింది. తీసిన కాగితం మీద పేరు చదివింది. ఫిలిపీన్ ఎబ్నర్. మా పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

హావ్లిక్ ఆ బాణీని ఒకసారి వాయించాడు. చక్కగానే వాయించాడు. కళ్లు మూశాడు. నిట్టూర్పు ఆ రోజు సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత మా వంటింటి కవాతే వచ్చింది. ఒక్క స్వరం మారలేదు. ఎప్పుడూ తడబడే మలుపు దగ్గర అలాగే తడబడ్డాడు.

చప్పట్లు మోగాయి. మా వెనక వరసలో ఒక పెద్దమనిషి, "మూడు దెబ్బల దాన్ని నాలుగులో ఎలా దాచాడో చూశారా?" అన్నాడు. పక్కాయన తల పంకించాడు. "నాకు మొదట్నించీ వినబడుతూనే ఉందండీ."

కౌంటెస్ గారు ఫిలిపీన్‌ను చెయ్యి పట్టుకుని పియానో దగ్గరికి తీసుకెళ్లింది. హావ్లిక్ ఆమె బుగ్గ తట్టాడు. "సోమవారం నుంచి రామ్మా. నా దగ్గర నేర్చుకుందువుగాని," అన్నాడు అందరికీ వినబడేలా. ఆమె లింట్స్ నుంచి వచ్చిందే ఆ మాట కోసం. ఆయన చేతిని ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను.

"గురువుగారూ, నా బాణీ ఎక్కడ వచ్చిందండీ?" అంది.

"లోపల, ఎడమచేతిలో. అది వినడానికి ఏళ్లు పడుతుందమ్మా."

"అయితే నేను రానండి. నాకు వాయించినవే వినబడతాయి."

కౌంటెస్ గారు చిన్నపిల్ల ముద్దుమాటకు నవ్వినట్టు నవ్వింది. ఒట్టిలీ నవ్వలేదు. తొడుగులోంచి తొంగిచూస్తున్న కాగితం అంచును వేలితో లోపలికి నెట్టింది.

ఫిలిపీన్ ఇంటికొచ్చేదాకా ఓర్చుకుని, వచ్చాక ఏడ్చింది.

మర్నాడు కాఫీ తాగుతుంటే గోడ అవతల కొత్త ఆశువుకు సాధన మొదలైంది. బాణీ అయింది, నిట్టూర్పు కోసం సంగీతం ఆగింది. ఫిలిపీన్ కప్పు దించి, పక్కగదిలోకి వెళ్లి మా పాత పియానో తెరిచింది. ఆ ఖాళీలో తన బాణీ వాయించింది. అక్కడ ఆపలేదు. మెట్ల మీద ఆగిన మనిషిని కిందికి దించింది, మళ్లీ పైకి ఎక్కించింది, మూడు దెబ్బల నడక తప్పకుండా. అవతల పియానో మూత మూసిన చప్పుడైంది.

వాయించడం అయ్యాక పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఎందుకే సర్దుతున్నావు?" అన్నాను. "ఆయన ఒప్పుకోవాలనేగా మీ నాన్న షరతు. ఒప్పుకున్నాడు. హాలంతా వింది. ఆయన దగ్గరే నేర్చుకోవాలని ఎవరన్నారు?"

"అలా చెబితే మోసం కాదా పిన్నీ?"

"నిన్న ఆయన నిజంగా అప్పటికప్పుడు అన్నది ఆ ఒక్క మాటే. వాడుకో."

ఫిలిపీన్ మా ఇంట్లోనే ఉండిపోయి మరో మాస్టారి దగ్గర చేరింది. హావ్లిక్ గారు తన పియానోను వీధి వైపు గదిలోకి మార్పించారు. ఆ గదికి గోడ అవతల ఎవరూ ఉండరు.