నీళ్ళ చెట్టు దీవి

మా నాయన తిప్పన్నకు కోపం వస్తే మాట్లాడడు. నాకు కోపం వస్తే మాట్లాడకుండా ఉండలేను. తోలుబొమ్మలాట ఆడుకుని బతికే మా ఇంట్లో ఆ వారమంతా ఆయన మూతి ముడుచుకుని ఒక మూల, నేను గొంతు పెంచుకుని ఒక మూల.

పామిడి దగ్గర ఒక ఊరి నుంచి పెద్దమనిషి మారెప్ప కబురంపాడు. శ్రావణం వచ్చినా చినుకు లేదు, వేరుశనగ మాడిపోతోంది, వచ్చి వాన కోసం ఆడే ఆట ఆడమని. వానలు లేని ఏడాదల్లా మమ్మల్ని పిలవడం ఆ ఊరికి తాతల నాటి అలవాటు. ఆ ఆటకు ముందు కాసేపు నా కొత్త కథ ఆడదామన్నాను. దాని కోసం మేకతోలు మీద బొమ్మలు గీసి, కోసి, రంగులు కూడా వేసి పెట్టుకున్నాను.

"యా ఊరి కథ?" అన్నాడు నాయన.

"అట్లాంటిక్ సముద్రంలో ఆఫ్రికా పక్కన కెనరీ దీవులని ఉండాయంట. హైస్కూల్లో లక్ష్మీప్రసన్న మేడం చెప్పింది. దాంట్లో కొంత చరిత్ర, కొంత జనం చెప్పుకునేది."

"మనోళ్ళు సముద్రం చూసినారా? దీవంటే వాళ్ళకు ఏం తెలుస్తాది? సగంలోనే ఇండ్లకు పోతారు."

"పోతే ఈ బొమ్మలన్నీ నువ్వే ఏట్లో కలిపెయ్. మళ్ళా కొత్త కథ అనే మాట ఎత్తను, సరేనా?"

"సరే."

నేనేం పందెం కాశానో అనేశాక గానీ తెలిసిరాలేదు. చిరిగి పనికిరాకుండా పోయిన బొమ్మల్నే మేము ఏట్లో కలుపుతాం, కన్నుమూసిన మనిషికి చేసినట్టు. నావి ఇంకా రంగు వాసన కూడా పోనివి. నా నోటిదురుసు నన్నెప్పుడూ ఇలాగే ముంచుతుంది.

పొద్దు గూకగానే తెల్ల పంచెల తెర కట్టి వెనకాల దీపాలు వెలిగించాం. మా ఆయన తిప్పేష్ మద్దెల ముందు కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. తెర మీదికి ఓడ రాగానే ఎవరో ముసలాయన కేకేశాడు.

"బండి బాగుండాది గానీ, ఎద్దులు యాడప్పా?"

"గాలే ఎద్దు తాతా! తెరచాపే కాడి!" అన్నాను తెర వెనక నుంచి. జనం పకపకా నవ్వారు. నాయన నవ్వలేదు.

తర్వాత దీవి వచ్చింది. కెనరీ దీవుల్లో పడమటి చివరన ఉన్న చిన్న దీవి అది. ఆ జనం మేకలు కాసుకునేవాళ్ళు అన్నాను. మంచిదే అన్నట్టు తలలు ఊగడం తెర సందులోంచి కనిపించింది. ఏరు లేదు, వంక లేదు అన్నాను. "మా మాదిరే!" అన్నారు ముందు వరసలో ఆడవాళ్ళు. అప్పుడు నీళ్ళ చెట్టును తెర మీదికి తెచ్చాను. దాని ఆకుల నిండా సన్నని చిల్లులు పొడిచి ఉంచాను. సముద్రం మీంచి పొగమంచు కొండెక్కి వచ్చి ఈ చెట్టుకు తగులుకుంటుంది, ఆకులన్నీ నీళ్ళు కారుస్తాయి, కింద గుంటల్లో నిండిన ఆ నీళ్ళే దీవికంతా ప్రాణం అని చెబుతూ సాంబ్రాణి పొగ ఊది, చెట్టును మెల్లగా ఊపాను. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా జారింది. "ఓ!" అంది ఊరంతా ఒక్క గొంతుతో. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఇక ఓడలవాళ్ళు దిగారు. పరాయివాళ్ళకు నీళ్ళు దొరక్కపోతే వాళ్ళే వెళ్ళిపోతారని దీవివాళ్ళు చెట్టును గడ్డితో కప్పేశారు. దాహంతో నాలుక బయటపెట్టి నావికుడు తెరంతా తిరుగుతుంటే పిల్లలు ఈలలు వేశారు. దీవి పెద్దను ఆడిస్తున్న నాయన గొంతులో కూడా ఊపు వచ్చింది. "నీళ్ళా? మా దీవిలో యాడివి నాయనా!" అని ఆయన సొంతంగా ఒక మాట కలిపేసరికి జనం కడుపుబ్బ నవ్వారు.

కానీ దీవి పిల్ల ఒకతె ఆ నావికుణ్ణి చూసి మనసు పడింది. ఆమె అతని చెవి దగ్గరికి వంగగానే తిరుపాలమ్మ అనే ముసలామె లేచి నిలబడింది.

"చెప్పొద్దు పాపా! వాడు నిన్ను మోసం చేస్తాడు!"

వెంటనే ఊరంతా అందుకుంది. చెప్పొద్దు, చెప్పొద్దు! ఇంత సంతోషం నా పెళ్ళినాడు కూడా పడలేదు. అయినా పిల్ల చెప్పింది. మద్దెల మోగింది, గడ్డి లేచిపోయింది, ఓడలవాళ్ళు పీపాలు ముంచుకున్నారు.

అంతే, మారెప్ప విసురుగా తెర దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా తిప్పన్నా! మేము వాన కోసం ఆట పెట్టుకుంటే మీరు నీళ్ళు పోగొడ్తాండారా? ఇంత అపశకునమా? ఆపండి!"

వాన కోసం పెట్టించుకున్న ఆటలో నీళ్ళు పోయే కథ! బొమ్మలు కోసేటప్పుడు ఆ ఆలోచనే తట్టలేదు. నాయన నా వైపు చూశాడు. ఓడిపోయావు అన్నట్టే ఉంది ఆ చూపు.

"నువ్వు కూకో మారెప్పా!" తిరుపాలమ్మ అరిచింది. "శకునం సంగతి రేపు చూద్దాం. ఆ పిల్ల ఏమైతాదో తెలీకుండా నేను ఇంటికి పోయేది లేదు!"

"అవును, కూకో!" అన్నారు వెనక నుంచి. మారెప్ప గొణుక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

దీవి పెద్ద బల్లెం ఎత్తాడు. పిల్ల మోకాళ్ళ మీద ఉంది. ఇందాక చెప్పొద్దని అరిచిన ఆ గొంతులే ఇప్పుడు గగ్గోలు పెట్టాయి.

"చంపొద్దు! దాహమన్నోనికి నీళ్ళు చూపిచ్చింది, అంతేగదా!"

నాయన చేతిలో బల్లెం పైనే ఆగిపోయింది.

"నాయనా, కొట్టల్ల. కథలో చంపినారు," అన్నాను గుసగుసగా.

"నా చేత కాదు."

ఒక్క మాట కూడా అటూ ఇటూ కానివ్వకుండా బతుకంతా పాత కథలు ఆడిన మనిషి! కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ బల్లెం నేనే అందుకుందామని చేయి చాచాను గానీ, నా వల్లా కాలేదు. లేచి తెర ముందుకు వచ్చాను.

"అయ్యలారా, అమ్మలారా! ఆ పిల్లను వాళ్ళోళ్ళే చంపినారని చెప్తారు. ఓడలోళ్ళు దీవులన్నీ గుంజుకున్నారు. కడాకు ఆ చెట్టు గూడా గాలివానకు కూలిపోయిందంట. కథలో ఉండేది ఇదే. మా నాయన చేతులకు మాత్రం ఆ పిల్లను చంపేది చేత కాలేదు."

జనం మెచ్చి వేసిన కేకలకు కట్టేసిన మేకలు కూడా అరిచాయి. వాన ఆట మొదలుపెట్టేదాకా ఒక్కరంటే ఒక్కరు ఇంటికి వెళ్ళలేదు.

తెల్లారి బొమ్మలు సర్దుతున్నాం. మా పెట్టెలో మంచివాళ్ళ కట్ట వేరు, చెడ్డవాళ్ళ కట్ట వేరు. కలిపి కడితే అవి లోపల పోట్లాడుకుంటాయని మా నమ్మకం. నాయన ఆ దీవి పిల్లను చేత్తో పట్టుకుని, రెండు కట్టల మధ్య చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"యా కట్టలో పెడ్తావు నాయనా?" అన్నాను.

ఆయన ఒక పాత పంచె తీసి, పెద్ద గుడ్డ చించి పరిచాడు. పిల్లను అందులో పడుకోబెట్టాడు. పక్కన నావికుణ్ణి, చెట్టును, దీవి పెద్దను కూడా పెట్టాడు. అయినా గుడ్డ సగానికి పైగా ఖాళీగానే ఉంది.

"ఇన్ని బొమ్మలకు అంత గుడ్డ ఎందుకు?" అన్నాను.

"ఇంతటితో ఊరకుంటావా నువ్వు?" అన్నాడు నాయన.