ఆర్పకుండా వదిలిన ఎర్రదీపం

ఇనుప గనిలో ఇంజన్ నడిపే అతనికి కాలు ఒకచోట నిలవదు. అన్నం నిలబడే తింటాడు, చెప్పులు వేసుకుంటూనే గడప దాటుతాడు. భూమి లోపలి సొరంగంలో పట్టాలు ఒకే వరస. అందుకే దూరేముందు పైనుంచి వేలాడే తాడు లాగాలి. అవతలి కొసన ఎర్రబల్బు వెలిగి ఎదురుబండి ఆగుతుంది. బయటపడ్డాక అక్కడి తాడు లాగితే ఆరుతుంది. బతుకులో అతను ఆగేదల్లా ఆ బల్బుకే.

సొరంగం సరిగ్గా వాళ్ళింటి కిందే. పెళ్ళైన ఏడాది పొయ్యి పక్కన ఆ తాడు మొలిచింది, వీధి గుమ్మం మీద ఎర్రబల్బు కాసింది. కింద దీపం వెలిగితే పైనా వెలుగుతుంది; పైతాడు లాగినా రెండూ కలిసే వెలుగుతాయి, కలిసే ఆరుతాయి. అప్పుడా గుమ్మం ఎవరూ దాటరు. కూరగాయలమ్మి కూడా గంప దించుకుని బయటే కూర్చుంటుంది. భార్యయితే సిగ్నల్ మేస్త్రీ కూతురు, బుద్ధెరిగాక ఎర్రదీపం దాటి ఎరగదు.

ఆ రోజు డ్యూటీ ఎక్కడానికి వచ్చిన తోటి డ్రైవరు సొరంగం మొదట్లో అతన్ని ఆపాడు.

"ఒరేయ్, మీ ఆవిడ పెట్టె సర్దుతోందిరా. పుట్టింటికట. ఇక రాదట."

మొన్న ఆమె జ్వరంతో మూలుగుతూ "కాసేపు ఆగవూ" అని చెయ్యి పట్టుకుంటే, విడిపించుకుని పనికొచ్చేశాడు మహానుభావుడు! తాడు లాగి సొరంగం దాటాడు. అవతలి తాడు ముట్టుకోకుండానే ఇంజన్ దిగి పరుగెత్తాడు. బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్రైవర్లు నోటికొచ్చినట్టు తిట్టారు.

గుమ్మం ఎర్రగా ఉంది కాబట్టి పెరటి గోడ దూకి లోపలికొచ్చాడు. ఆమె గడప దగ్గర పెట్టె మీద కూర్చుని ఉంది.

"తాడు లాగడం మరిచిపోయావు" అంది ముఖం తిప్పకుండానే.

"మరిచిపోలేదు."

"గని మొత్తం ఆగిపోయుంటుంది."

"ఆగనీ. మొన్న నీ కోసం ఆగలేదు నేను. తప్పు నాదే."

రొప్పుతూ వంటింట్లోకి వెళ్ళి తాడు లాగాడు. దీపం ఆరింది.

"ఇక నీ ఇష్టం" అన్నాడు.

కింద బండ్లు కదిలిన చప్పుడు. అది వినగానే అతని కాలు, పాడు అలవాటు, వాకిలి వైపు లాగింది.

ఆమె చూడనే చూసింది. పెట్టె అక్కడే వదిలి, పొయ్యి పక్కకి వెళ్ళి తాడు లాగింది. గుమ్మం మీద ఎర్రగా వెలిగింది. కింద చప్పుడు ఆగింది.

"నేను ఆర్పేదాకా కదలకు" అంది.

అతను పీట లాక్కుని కూర్చున్నాడు. మోకాలు చాలాసేపు ఊగుతూనే ఉంది. ఆమె పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. కాసేపటికి ఆగింది.