చనాక్ కోట ముందు ఏడు నిమిషాలు

మా చనాక్‌లో కంటికి కనిపించే సూర్యుణ్ణి నమ్ముకుంటే ఉపవాసం నీళ్ళపాలైనట్టే. జలసంధికి అవతలి ఒడ్డున కిలిత్‌బహీర్ కొండ అడ్డం. ఆ కొండ వెనక్కి దిగిపోయాక కూడా పావుగంటసేపు ఆయన ఎక్కడో సముద్రం మీద నిక్షేపంగా ఉంటాడు. అందుకే ఈ ఊరికి గడియారం కావాలి, ఆ గడియారానికి నేను కావాలి.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మసీదు పక్కగదిలో నా పని అదొక్కటే. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలుస్తాను, పట్టిక చూస్తాను, సాయంత్రం సూర్యుడు నిజంగా అస్తమించే క్షణానికి ముళ్ళు రెండూ పన్నెండు మీదికి తెస్తాను. మాకు రోజు మొదలయ్యేది అక్కడే. జేబు గడియారం ఉన్న ప్రతి పెద్దమనిషీ నా కిటికీ ముందు నిలబడి ముల్లు దిద్దుకుని పోవలసిందే, ఖాజీగారైనా సరే. ఇది గొప్పలు చెప్పుకోవడం అనుకుంటే అనుకోండి. నాకు ఇంకే గొప్పా లేదు.

రంజాన్‌లో పని ఇంకొకటి చేరుతుంది. పన్నెండు కాగానే కిటికీలోంచి తెల్లగుడ్డ ఊపుతాను. కోట గోడ మీద నిలబడ్డ నజీఫ్ అది చూసి ఫిరంగి పేలుస్తాడు. ఊరంతా ఆలివ్ పండు నోట్లో వేసుకుంటుంది. ఆ ఫిరంగి పేలిందంటే ఆ రోజుకి జలసంధి తలుపులు కూడా మూసుకున్నట్టే, ఏ ఓడా దాటకూడదు.

నజీఫ్ నా చెల్లెలి కొడుకు, కోటలో ఫిరంగుల మీద అధికారి. వాడికి నాలుగేళ్ళప్పుడు చెల్లెలు కలరాతో పోయింది. మాకు పిల్లలు లేరు. నేనూ నా భార్య గుల్సుమ్ వాణ్ణి పెంచాం. వాడంటే నాకు ప్రాణం. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడు రంజాన్ మొదటివారంలోనే ఇంగ్లీషువాళ్ళ నౌకాదళం వచ్చి జలసంధి బయట బెసికా దగ్గర లంగరు వేసింది. రష్యా జారు మా సుల్తాను మీద కాలు దువ్వుతున్నాడు, వీళ్ళు మాకు అండగా వచ్చారట. వచ్చినవాళ్ళు లోపలికి రారు, వెనక్కి పోరు. యుద్ధనౌకలు జలసంధి దాటకూడదని ఎప్పటిదో ఒప్పందం. దాటితే దాన్నే యుద్ధం అంటానని రష్యావాడు కాచుకుని ఉన్నాడు. అందుకని మా మేకల్నీ దోసకాయల్నీ ఖాళీ చేస్తూ బయటే కూర్చున్నారు. పెద్దవాళ్ళ స్నేహాలు అలాగే ఉంటాయి కాబోలు.

రాజధాని స్తంబుల్లో ఉన్న వాళ్ళ రాయబారికి ఉత్తరాలు మోయడానికి ఒక్క ఆవిరి ఓడకి మాత్రం సుల్తాను పత్రం వచ్చింది. షరతు ఒకటే. సాయంత్రం ఫిరంగి పేలేలోపు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న రెండు కోటల మధ్యనుంచి దాటిపోవాలి. పేలాక దాటే ఓడని, జెండా ఎవరిదైనా, ముందు ఉత్తిమందు పేల్చి హెచ్చరించాలి. ఆగకపోతే గుండుతో కొట్టాలి. నజీఫ్‌కి ముందున్న అధికారి ఒకసారి చూసీచూడనట్టు ఊరుకున్నాడు. అతన్ని యెమెన్ పంపారు. తర్వాత అతని ఊసే లేదు.

ఉపవాసాలు మొదలై పన్నెండో రోజు, మధ్యాహ్నం నజీఫ్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మామయ్యా, ఇవాళ గుడ్డ కాస్త ముందే ఊపకూడదూ? కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి."

"పరిగెత్తనీరా. నీకు లేని ఓపిక వాటికైనా ఉంది."

వాడు నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. "ఇంగ్లీషోడి ఓడ పొద్దున బయల్దేరిందట. ఎదురుగాలి, ఎదురునీళ్ళు. చీకటిపడే వేళకి వచ్చేట్టుంది."

"వస్తే రానీ. ఆగమను."

"ఆగుతాడా? ఆ కెప్టెన్ సంగతి దుబాసీ అవ్రామ్ చెప్పాడు. స్నేహితుల ఓడని ఎవడు ఆపుతాడో చూస్తానన్నాట్ట." గోడకి ఆనుకుని గడ్డం గోక్కున్నాడు. "కొడితే లండనోడు నా తల అడుగుతాడు, మనవాళ్ళు పళ్ళెంలో పెట్టి ఇస్తారు. కొట్టకపోతే యెమెన్. అత్తతో మాత్రం అనకు."

"నోర్ముయ్. పో, పని చూసుకో," అన్నాను.

సాయంత్రం కొండ వెనక్కి ఎండ దిగాక గదిలో కూర్చున్నాను. నల్లపొగ ముందు కనిపించింది. తర్వాత ఓడ. దాని రెండు పక్కలా ఉన్న చక్రాలు నీళ్ళని చిలుకుతున్నాయి గానీ ఓడ కదులుతున్నట్టే లేదు. మా ప్రవాహం సంగతి తెలిసిన పడవవాడైతే ఒడ్డు వారగా వచ్చి ఉండేవాడు. ఆ కెప్టెన్ నట్టనడుమ వస్తున్నాడు. గడియారం చూశాను. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలు. ఓడ కోటలు దాటాలంటే తక్కువలో తక్కువ పది పడుతుంది.

కోట గోడ మీద నజీఫ్ నా కిటికీ వైపే చూస్తున్నాడు. వాడి పక్కన రెండు ఫిరంగులు. ఒకటి ఉత్తిమందుది, రెండోది కాదు.

రెండు నిమిషాలు. బజారు నిశ్శబ్దంగా ఉంది. అందరి ముందూ సూపు గిన్నెలు, నీళ్ళ కప్పులు. నేను లేచి గడియారం తలుపు తీసి లోలకాన్ని వేలితో పట్టుకున్నాను.

అంతే. పట్టుకోవడానికి బలమేం అక్కర్లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నాకు సిగ్గేసింది. ఇఫ్తార్ ఆలస్యం చేయడం మంచిపని కాదు. దానివల్ల ఉపవాసం చెడదు గానీ, పదిహేడు గంటలు ఎండిన నోళ్ళని ఇంకాస్త ఎండబెట్టడం పాపమే. ముసలివాళ్ళున్నారు, చూలాళ్ళున్నారు. అన్నీ తెలిసే పట్టుకున్నాను.

బయట అడుగుల చప్పుడు వినబడగానే వేలు తీసి తలుపు వేశాను. లోలకం కదలకుండా వేలాడింది. కోటనుంచి ఒక సిపాయి పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి తల పెట్టాడు.

"లుత్ఫీగారూ, గుడ్డ ఊపలేదేంటని అడుగుతున్నారు."

"ముల్లు చూడు. పన్నెండైందా?"

చూశాడు. "ఇంకా రెండు నిమిషాలుందండీ."

"మరి నన్నడుగుతావేం? పోయి అదే చెప్పు."

వాడు పోయాడు. నేను నాడి పట్టుకుని లెక్కపెట్టుకుంటూ ఓడని చూశాను. దాని ముక్కు మా కోట మూలకి వచ్చింది. తర్వాత చక్రం వచ్చింది. వెనక జెండా కూడా దాటింది. అప్పుడు లోలకాన్ని తోశాను, ముళ్ళని పన్నెండు మీదికి తిప్పాను, గుడ్డ ఊపాను. ఫిరంగి పేలింది. ఏడు నిమిషాలు ఆలస్యం.

మర్నాడు పొద్దున్నే ఖాజీగారూ, కోటకి పెద్ద అయిన పాషాగారూ పిలిపించారు. ఊళ్ళో జేబు గడియారాలు పదకొండున్నాయి, పదకొండూ నా దగ్గర దిద్దుకున్నవే. పదకొండూ నా మీద సాక్ష్యం చెప్పాయి. నజీఫ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"లుత్ఫీగారూ, ఏమైంది?" అన్నారు ఖాజీగారు, మెత్తగానే. "అస్తమయం అయిందని తెలిసే గుడ్డ ఆపారా?"

తెలిసే అంటే, ఓడ దాటేదాకా నేను ఫిరంగిని ఆపినట్టు. నజీఫ్ చూస్తూ ఊరుకున్నట్టు. పాషాగారు నా నోటివంకే చూస్తున్నారు. అటు తిప్పినా ఇటు తిప్పినా ఆయనకి స్తంబుల్‌కి రాయడానికి ఒక కారణం కావాలి.

"గడియారం ఆగిందండీ," అన్నాను. "ముసలిదైపోయింది. నేను గమనించలేదు. ఫిరంగి అధికారి తప్పేం లేదు, ఆయన గుడ్డ చూసి పేల్చారు."

పాషాగారు ఊపిరి వదిలారు. ఫిరంగి పేలేలోపే ఓడ దాటిందని కాగితం మీద రాసుకున్నారు. ఖాజీగారు తన జేబు గడియారాన్ని తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన దాన్ని నా కిటికీ ముందు దిద్దుకోలేదు. ఎవరూ దిద్దుకోలేదు.

తొమ్మిది రోజులకి ఆ ఓడ స్తంబుల్‌నుంచి తిరిగి వచ్చింది. కెప్టెన్ మర్యాదపూర్వకంగా పాషాగారిని చూడవచ్చాడు. ఎర్రగా, మంచిమనిషిలాగే ఉన్నాడు. అవ్రామ్ పక్కన నిలబడి తర్జుమా చేశాడు. కోట గడియారం వెనకబడి నడుస్తోందని కెప్టెన్‌గారు తమ ఓడ లెక్కలో గమనించారట. స్నేహానికి గుర్తుగా ఈ చిన్న కానుక అట. నీలం మఖ్మల్ పెట్టెలో లండన్ గడియారం. దాంతోపాటు స్తంబుల్లో అచ్చువేసిన అస్తమయాల పట్టిక. గడియారాన్ని స్తంబుల్లోనే సరిగ్గా దిద్ది తెచ్చారట.

పాషాగారు దాన్ని నజీఫ్ చేతిలో పెట్టారు. ఇకనుంచి గుడ్డ అక్కర్లేదన్నారు.

సాయంత్రం నజీఫ్ మా ఇంటికి వచ్చాడు. నా కళ్ళలోకి చూడలేదు. "మామయ్యా, నీకూ కాస్త విశ్రాంతి. ఎన్నాళ్ళని ఆ గదిలో కూర్చుంటావు?"

"ఒరే, స్తంబుల్ మనకి తూర్పున ఉంది," అన్నాను. "అక్కడ ముందే పొద్దుగుంకుతుంది. ఆ పట్టిక ఇక్కడ పనికిరాదు. ఏడు నిమిషాలు ముందు పేలుస్తావు. ఆలస్యమైతే ఉపవాసం నిలుస్తుంది. ముందే నోట్లో పెట్టుకుంటే ఆ రోజంతా వృథా, ఊరందరిదీ."

వాడు నా చేతి మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు నేను వాడి చేతి మీద వేసినట్టే వేశాడు.

"ఆ ఓడ మనిషి సముద్రాలన్నీ దాటి వచ్చాడు, మామయ్యా. నీ గడియారం ఆగిన సంగతి నీకే తెలియలేదు. కోపం పెట్టుకోకు."

నిజం నాలుక చివరికి వచ్చింది. చెబితే నమ్మేవాడే. కానీ వాడు నిజాయితీ మనిషి, కర్మ. తెలిసిన మర్నాడే పాషా దగ్గరికి పోయి, గడియారాన్ని నా కోసమే ఆపారు, కొట్టాల్సిన ఓడని నేను కొట్టలేదు అని ఒప్పుకుంటాడు. వాణ్ణి పెంచింది నేనే కదా, ఆ మాత్రం తెలుసు.

"సరేలే," అన్నాను.

మర్నాడు ఫిరంగి పేలినప్పుడు నేను ఇంట్లో, పళ్ళెం ముందు ఉన్నాను. కొండ వెనక పొద్దు ఇంకా ఉంది. బజారునిండా గిన్నెల చప్పుడు మొదలైంది. పక్కింటి ముసలమ్మ దేవుడి పేరు తలుచుకుని నీళ్ళు తాగడం గోడ అవతలనుంచి వినబడింది. ఆవిడకి ఎనభై ఏళ్ళు, ఒక్క రోజు కూడా వదలకుండా పట్టింది. గోడ మీద తట్టి చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ నీళ్ళ చప్పుడు ఇప్పటికీ నన్ను వదలలేదు.

గుల్సుమ్ ఆలివ్ పండు తీసి నా ముందు పెట్టింది. "ఫిరంగి పేలిందిగా. అలా కూర్చున్నావేం?"

"నాది వెనకబడిన గడియారం కదా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తన చేతిలో ఉన్న పండుని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. ఇద్దరం ఏడు నిమిషాలు కూర్చుని, తర్వాత నీళ్ళు తాగాం.