నిప్పు తేనన్న మాట

నేను ఒక ఇత్తడి ఏకహారతిని. కర్పూరం బిళ్ళ పెట్టుకునే చిన్న గిన్నె, పట్టుకోవడానికి పాము పడగ పిడి, అంతే నా ఒళ్ళు. పుట్టింది శ్రీకాకుళం జిల్లా బుడితిలో. మైనంతో నా ఆకారం చేసి, చుట్టూ బంకమన్ను మెత్తి, కాల్చి, కరిగిన ఇత్తడి పోశారు. నిప్పులో పుట్టినదాన్ని, నిప్పు మోయడమే నా పని. అలాంటిది, నా బతుకులో ముప్పాతిక భాగం అటక మీద చల్లగా, ఖాళీగా గడిచింది. ఎందుకో చెబుతాను. కొంచెం కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

నన్ను కొన్నది పాలకొండ దగ్గర ఒక రైతు ఇంటావిడ, అచ్చియ్యమ్మ. ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా పశువులకు మందులిచ్చేవాళ్ళు. వాళ్ళ దగ్గర తాటాకుల పుస్తకం ఒకటుండేది. ఎద్దుకు కడుపుబ్బితే ఏం పట్టాలి, ఆవు ఈనలేకపోతే ఏం చెయ్యాలి, అన్నీ అందులో గంటంతో గీసి ఉండేవి. దసరాకు ఊళ్ళో అందరూ నాగళ్ళకూ కత్తులకూ పూజ చేస్తే, ఆ ఇంట్లో పుస్తకానికి చేసేవారు. కర్పూరం వెలిగించి అచ్చియ్యమ్మ నన్ను దాని ముందు తిప్పుతుంటే, నా అంత గొప్పది జిల్లాలోనే లేదనుకునేదాన్ని.

ఒక ఏడాది తెల్లదొర ఒకాయన జబ్బుపడ్డ గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. అచ్చియ్యమ్మ పెనిమిటి పుస్తకం విప్పి చూసి, మందు నూరి పోశాడు. గుర్రం తేరుకుంది. దొర ముచ్చటపడి, ఓసారి చూసి ఇస్తానని పుస్తకం పట్టుకెళ్ళాడు. ఆ చూడడం ఇంకా పూర్తికాలేదు.

దొర సామాను సర్దుకుని ఓడెక్కాడని తెలిసిన రోజు అచ్చియ్యమ్మ ఏడవలేదు. నన్ను తోమి, తుడిచి, ఆ పుస్తకానికి హారతిచ్చేదాకా ఇది మరి వెలగదని మొక్కుకుని అటకెక్కించింది. మొక్కు ఆవిడది, పస్తు నాది. ఆవిడ పోయినా మొక్కు పోలేదు, మనవరాలు పైడితల్లికి వచ్చింది. పైడితల్లి ఏటా దసరాకు నన్ను దించి, చింతపండుతో తోమి, మళ్ళీ పైన పెట్టేది. వెలిగించని దానికి ఈ తోముడు దేనికని నాకు ఒళ్ళు మండేది.

పైడితల్లి కూతురు గౌరీశ్వరి పశువుల డాక్టరయింది. పుస్తకం పోయినా ఆ ఇంటికి పని పోలేదన్నమాట. ఒకరోజు గౌరి తన ఫోన్లో ఏదో వెతుకుతూ ఆగిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పాత గ్రంథాలయం వాళ్ళు తమ దగ్గరున్న తాటాకు పుస్తకాల బొమ్మలు పెట్టారు. ఒకదాని మొదటి ఆకు మీద ఈ ఇంటి ముత్తాత పేరు, ఊరి పేరు ఉన్నాయి. తల్లికి చూపించింది. పైడితల్లి చాలాసేపు చూసింది. తర్వాత ఎనభై ఏళ్ళ మనిషి స్టూలు వేసుకుని, వద్దంటున్నా వినకుండా నన్ను అటక మీంచి దించింది.

"ఎల్లి హారతిచ్చి రా" అంది.

గౌరి సెలవు పెట్టి బయల్దేరింది. విమానాశ్రయంలో నన్ను బోర్లించి, తిరగేసి చూశారు. చివరికి మార్చి మొదట్లో ఆ ఊరు చేరాం. తేనెరంగు రాతి గోడలు, ఎటు చూసినా శిఖరాలు. చెట్లకింకా ఆకుల్లేవు, గడ్డిలోంచి మాత్రం ఊదా, పసుపు పూలు తొందరపడి తలలెత్తాయి. గౌరి స్వెట్టరు మీద కోటు, కోటు మీద శాలువా, నెత్తిన మంకీ టోపీ. అక్కడి పిల్లలు పొట్టిచేతుల చొక్కాలతో సైకిళ్ళ మీద పోతూ ఎండొచ్చిందని సంబరపడుతున్నారు. ఎండట! మా ఊళ్ళో దాన్ని వెన్నెలంటారు. సాయంత్రం గోపురాల్లో గంటలు మోగాయి. హారతి వేళయిందేమోనని నేను సర్దుకున్నాను. ఎవరూ హారతివ్వలేదు.

బస చేసిన గదిలో గోడమీద నిప్పు వెలిగించరాదని రాసి ఉంది. మంచి శకునమే అనుకున్నాను. గౌరి మనవాళ్ళ కొట్టు వెతుక్కుని కర్పూరం, అగ్గిపెట్టె కొని నా పక్కన పెట్టింది. పుస్తకం బల్లమీదికి వచ్చాక, ఎవరూ చూడని క్షణంలో ఒక్కసారి వెలిగించి ఆర్పేయాలని ఆవిడ ఆలోచన. నాకు ఒక్క క్షణం చాలు. తొంభై ఏళ్ళ ఆకలిది, ముద్దయినా చాలు.

గ్రంథాలయంలో బల్ల దగ్గర హెలెన్ అనే పెద్దావిడ కూర్చుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు పైకి వినపడేలా ఒక ప్రమాణం చదవాలట, అక్కడి పాత ఆచారం. ఎవరి భాషలో వాళ్ళు చదవొచ్చని హెలెన్ తెలుగు కాగితం తీసిచ్చింది. గౌరి మురిసిపోయి గడగడా మొదలుపెట్టింది. పుస్తకాలను పాడుచేయను, గీతలు గీయను అంది. తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయింది. గ్రంథాలయంలోకి నిప్పు తేను, మంట వెలిగించను అని ఉంది. నేను గౌరి సంచిలోనే ఉన్నాను.

చదవడం కష్టంగా ఉందేమోనని హెలెన్ ఇంగ్లీషు కాగితం ముందుకు జరిపింది. గౌరి దాన్ని చూసింది. ఇంగ్లీషులో అయితే ఆఫీసు కాగితాల్లా చదివేసి వెళ్ళిపోవచ్చు, అది మనసుదాకా వచ్చే మాట కాదనిపించింది. చదివెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది అని నేను సంచిలో గింజుకున్నాను. గౌరి ఒక్క నిమిషమని చెప్పి బయటికొచ్చి, చలిలో నిలబడి తల్లికి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది. ఇంగ్లీషులో అనేస్తే మొక్కూ తీరుతుంది, పనీ అవుతుందంది.



"ఏ బాసలో అయితేనేటే, నోరు నీదే కదా" అంది పైడితల్లి. "సూసిస్తానని మాట తప్పినోడి వల్లే కదా మనకీ మొక్కు. ఇప్పుడు నువ్వూ తప్పుతావేటి?"

"మరి మొక్కో, అమ్మా?"

"అది నాను సూసుకుంతాను. నువ్వెల్లి పుస్తకం సూడు."

గౌరి కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి తెలుగు కాగితమే అందుకుంది. నిప్పు మాట దగ్గర తడబడకుండా, ఇంకాస్త గట్టిగానే చదివింది. తర్వాత నన్నూ కర్పూరాన్నీ అగ్గిపెట్టెనూ తీసి బల్లమీద పెట్టి, ఇవి నిప్పు కోసం తెచ్చినవని చెప్పేసింది. హెలెన్ కోప్పడలేదు. నేనేమిటో, ఎందుకొచ్చానో ఓపిగ్గా అడిగి, అగ్గిపెట్టెను సొరుగులో వేసి, నన్ను తన పూలగ్లాసు పక్కన పెట్టుకుంది. మధ్యాహ్నందాకా వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించింది. ఉడికిన గుడ్డు నిలబెట్టుకుని తినే గిన్నె అనుకున్నాడొకాయన. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పుస్తకం గోడ అవతలే ఉంది, నేను ఇవతల. అడిగి పట్టుకెళ్ళి ఇవ్వని సొత్తును, ఏ పుస్తకాన్నీ ఎవరికీ ఇంటికి ఇచ్చి పంపని చోట దాచారు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, నిప్పంటే వాళ్ళకా భయం లేకపోతే ఆ ఆకులు ఈపాటికి ఉండేవి కావు.

గౌరి బయటికొచ్చేసరికి గోడల మీద పల్చటి ఎండ ఉంది. నన్ను సంచిలో వేసుకుని నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని, ఫోన్లో తల్లికి చెప్పింది. పుస్తకం మెత్తటి దిండు మీద పెట్టి ఇచ్చారట. ఆకులు తనే తిప్పిందట. కడుపులో దూడ అడ్డం తిరిగితే చేత్తో ఎలా సరిచెయ్యాలో ఒక ఆకు మీద ఉందట. "నేను చేసేదే అమ్మా, అచ్చం అదే" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనున్న బాతు బెదిరి ఎగిరిపోయింది.

పాలకొండ చేరాక పైడితల్లి కూతుర్ని కాళ్ళు కడుక్కోనిచ్చి, పీట మీద కూర్చోబెట్టింది. నన్ను చింతపండుతో తోమింది. ఇక అటకెక్కిస్తుందనుకుని నేను మొహం మాడ్చుకున్నాను. ఆవిడ కర్పూరం డబ్బా తీసింది.

"సేతులు సాపు" అంది గౌరితో.

"నాకా? హారతి పుస్తకానికి కదమ్మా?"

"ఆ పుస్తకాన్ని ముట్టిన సేతులు. రేపొద్దున్న అందులో రాసిందే సేసీ సేతులు. సాపు."

గౌరి రెండు చేతులూ ముందుకు చాపింది. పైడితల్లి అగ్గిపుల్ల గీసింది. నా గిన్నెలో కర్పూరం భగ్గుమంది. ఆ చేతుల చుట్టూ నన్ను తిప్పుతుంటే ఒళ్ళంతా కాలిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.