దీపస్తంభానికి పంపిన బెల్లం

నేను పంపిన బెల్లం వల్ల మా ఆయన అంత ఎత్తు నుంచి పడిపోతాడేమోనని నా భయం. అన్నిటికంటే పెద్ద భయం అదే. ఆ తీరం మీద బాంబులు పడ్డాయన్న భయం కూడా దాని తరువాతే.

మా ఆయనది గచ్చుపని. నిజాంసాగర్ కట్ట కట్టే రోజుల్లో తండ్రి వెంట వెళ్లి నేర్చుకున్నాడు. సున్నం, ఇసుక కలిపి నూరి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోస్తే గచ్చు అవుతుంది. సిమెంటు వచ్చాక బాన్సువాడలో ఆ పని అడిగేవాళ్లు తగ్గిపోయారు. నిరుడు దసరాకు, ఆ కట్ట మీద పనిచేసిన ఓవర్సియరు ఒకాయన కాకినాడ అవతలి నుంచి ఉత్తరం రాశాడు. అక్కడ నూరేళ్ల నాటి దీపస్తంభం ఉప్పుగాలికి పగుళ్లిచ్చిందట. సిమెంటు పూస్తే పెచ్చులుగా ఊడుతోందట. గచ్చుతో కట్టినదానికి గచ్చే పట్టాలి. ఈ వానల్లోపు పగుళ్లు మూయకపోతే పైఅంతస్తు పడగొడతారు.

పాప పుట్టిన పదకొండో రోజున ఆయన వెళ్లిపోయాడు.

యుద్ధం వల్ల దీపం ఆర్పేశారని, అద్దాలు గోనెపట్టల్లో చుట్టి కిందికి దించారని తరువాత రాశాడు. “దీపం లేకున్నా పగలు పడవలోళ్లకు గిదే గుర్తు” అని కూడా రాశాడు. పైన తాను పూసిన కొత్త గచ్చులోనే ఇనుప కొక్కేలు దిగేసి, వాటికి తాళ్లు కట్టి, పలక మీద వేలాడుతూ పనిచేస్తాడట. ఫాల్గుణంలో బీర్కూర్ బెల్లం పంపమన్నాడు. ఎలాంటి బెల్లమో రాయలేదు. గచ్చుపనివాడి పెళ్లానికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాడేమో.

బీర్కూర్‌లో బెల్లం అమ్మే సోనాబాయి అడిగింది, “తినేటందుకేనా చెల్లె?”

“మా ఆయనకు” అన్నాను.

“అబ్బో! మీ ఆయనకు తీపంటె మస్తు పావురమున్నట్టుందే!”

అక్కడ బెల్లం కొనేవాళ్లందరూ నవ్వారు. సిగ్గుతో మరేమీ చెప్పలేక, అన్నిటికన్నా మెరిసే ముద్దలు ఏరుకున్నాను. ఒకటి ఇంట్లో ఉంచి, మిగతావి నిజామాబాద్ నుంచి రైలు పార్శిల్లో పంపించాను.

నెల తరువాత మా అత్త సాయవ్వ తమ్ముడు బాలమల్లు మామ వచ్చాడు. ఆయనా ముసలి గచ్చుపనివాడే. జొన్నరొట్టెలోకి ఆ బెల్లం పెట్టాను. కొరికి, చేత్తో తిప్పి చూశాడు.

“గిదేనా నువ్వు పంపింది?”

“అవును మామా. ఏమైంది?”

“గిది నోటి బెల్లం బిడ్డా. గోడకు పాత నల్లబెల్లం గావాలె. గింత మెరుస్తున్నదంటె సోడా ఏసిండ్రు. గచ్చు మీదికి గట్టిగనే కనబడ్తది, లోపల పట్టది.”

“ఊకో తమ్మీ!” అంది మా అత్త. “పాలిచ్చే పిల్లను బెదిరిస్తవేంది? నా కొడుక్కు కండ్లు లేవా? రంగు చూస్తె తెల్వదా?”

“తెల్వకేమక్కా! ఇంటికెల్లి పెండ్లాం పంపిందంటె ఎవడు రంగు చూస్తడు?”



ఆ బెల్లం గచ్చులో కలపొద్దని ఆ పూటే ఉత్తరం రాశాను. నాలుగో తరగతితో ఆగిన చదువే అయినా నా ఉత్తరం ఆయనకు ఎప్పుడూ అర్థమవుతుంది. జవాబు రాలేదు. ఇంకోటి రాశాను. ఇంతలో కాకినాడ మీద బాంబులు పడ్డాయని కబురు వచ్చింది. ఊళ్లు ఖాళీ చేసి జనం పోతున్నారట. నేను ఆయన దగ్గరికి పోతానంటే, “పసిదాన్ని ఎత్తుకొని బాంబులల్లకా?” అని అత్త గుమ్మానికి అడ్డం కూర్చుంది.

గచ్చు పట్టిందో లేదో చూసే తీరు మామ చెప్పాడు. వేలు మడిచి కొడితే, పట్టినది రాయిలా పలుకుతుంది, పట్టనిది ఒట్టికుండలా పలుకుతుంది. అప్పటి నుంచి పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా లేచి మా గోడలు కొట్టి చూస్తున్నాను. పాప కూడా అరచేత్తో చరుస్తుంది. ఇక్కడి గోడలన్నీ గట్టివే.

వైశాఖం వచ్చేసింది. వానలకు ముందు ఆయన పని ఆపడు, నాకు తెలుసు.

ఇది చదివేవాళ్లలో ఆ తీరం వైపువాళ్లుంటే, ఒకసారి ఆ స్తంభం దగ్గరికి వెళ్లండి. ఆయన పేరు నేను నోటితో పలకను, రాస్తున్నాను: భూమన్న. ఎడమ చేతి బొటనవేలికి గోరు ఉండదు. పైన వేలాడుతూ కనిపిస్తే ముందు కిందికి పిలవండి. ఆ తరువాత మెట్లెక్కి కొక్కేల చుట్టూ వేలు మడిచి కొట్టి చూడండి. కుండలా పలికితే ఆయన్ను మళ్లీ ఎక్కనివ్వకండి. ఎక్కడా కనిపించకపోతే, ఎటు పోయాడో అక్కడివాళ్లను అడిగి, ఉన్నది ఉన్నట్టు బాన్సువాడకు, మా అత్త సాయవ్వ పేరు మీద, నాకు ఒక కార్డు రాయండి.